నెమలి మీద పదకొండో ఫిర్యాదు

"వెనక్కి తిరిగి పరుగెత్తకండి! దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి అడుగెయ్యండి!"

అప్పుడే స్కూటర్ దిగిన సత్యప్రసాద్ గొడుగు తెరిచి అడ్డం పెట్టాడు. నెమలి ఆగింది. మెడ సాచి ఒక్క అరుపు అరిచి పామాయిల్ చెట్ల మధ్యకి వెళ్ళిపోయింది. ఉషారాణి ముంజేతి మీద గోరు గీరిన చోట నెత్తురు ఉబికింది.

"టీటీ ఇంజెక్షన్ చేయించుకోండి. మళ్ళీ ఈ స్టీలు బిందెలు ఎండలో పెట్టారేంటండీ? అందులో తన నీడ చూసి ఇంకో మగ నెమలి అనుకుంటుందది. గోనెసంచి కప్పమన్నానా, లేదా?"

"మర్చిపోయానండి."

"గింజలు కూడా వేస్తున్నట్టున్నారు. మనుషులంటే భయం పోతే ఇంకా ప్రమాదం."

"పిచ్చుకలకి వేశానండి."

"పిచ్చుకలు వేరుశనక్కాయలు ఒలుచుకు తింటాయా?"

ఆవిడ నవ్వేసింది. "ముందు కూర్చోండి. ఆనపకాయ పులుసు పెట్టాను."

జంగారెడ్డిగూడేనికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ తోటకి ఉషారాణి ఒక్కతే కాపలా. గెలలు కోసేవాళ్ళు పదిహేను రోజులకోసారి వస్తారు. మిగతా రోజుల్లో మాట్లాడాలంటే బోరు మోటారుతోనే. ఏప్రిల్‌లో నెమలి మీద పడిందని ఫారెస్టు ఆఫీసుకి ఫోన్ చేస్తే జీపులో నలుగురొచ్చారు. వాళ్ళలో సత్యప్రసాద్ జాగ్రత్తలు చెప్పి, తన సెల్ నంబరిచ్చి వెళ్ళాడు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా స్కూటర్ మీద ఒక్కడే వస్తున్నాడు. ఇది పదకొండోసారి.

నెమలి రావడం మానేస్తే ఆయనా రాడు. అందుకే ఆవిడ వారం వారం బిందెలు తళతళలాడేలా తోముతోంది.

"ఇంకోసారి ఇలా అయితే వల తెచ్చి పట్టుకుపోతారు. అప్పుడిక నేను రానక్కర్లేదు," అన్నాడాయన, మూడోసారి పులుసు పోసుకుంటూ. ఆ మాట మాత్రం నవ్వుతూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే పక్క తోట అప్పాయమ్మ మనవరాలిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఏమ్మా ఉషా! చూడు నీ నెమలి ఏం చేసిందో! అరంగుళం పైకి తగిలుంటే పిల్లకి కన్ను పోయేది."

హర్షిత కంటి కింద ఎర్రటి గీత. "స్కూలుకెళ్తుంటే సైకిల్ బెల్లు మీదకి ఎగిరింది ఆంటీ."

ఉషారాణి సబ్బుతో గాయం కడిగి, ఆటో పిలిచి, తనే దగ్గరుండి పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

తిరిగొచ్చాక బిందెలన్నీ లోపల పెట్టేసింది. వాకిట్లో ఒక్క గింజ లేకుండా ఊడ్చింది. హర్షితని రోజూ తనే గొడుగు పట్టుకుని రోడ్డు దాకా దిగబెట్టింది. పది రోజులకి నెమలి రావడం మానేసింది.

ఈలోగా సత్యప్రసాద్ నుంచి మూడుసార్లు ఫోనొచ్చింది. ఆవిడ ఎత్తలేదు. ఆయన గొంతు వింటే మళ్ళీ బిందెలు బయట పెట్టాలనిపిస్తుంది. చివరికి నేరుగా ఆఫీసుకే ఫోన్ చేసింది.

"నెమలి ఇటు రావట్లేదండి. ఇక మీ సత్యప్రసాద్ గారిని పంపించకండి. పాపం, ఎండనకా వాననకా పదకొండుసార్లు వచ్చారు. ఆఫీసులో ఆయన పనులు ఆయనకుంటాయి కదా."

అవతలి మనిషి ఆ పేరు మరోసారి అడిగి చెప్పించుకున్నాడు.

"ఆయన మే నెలలోనే రిటైరయ్యారమ్మా."