ఎర్ర మోటరు, నీలం మోటరు

“వాని మోటరు పక్కన మా ఆయన మోటరు పెట్టకు. ఇగ లేపు,” అంది కిష్టమ్మ గుంజకు ఆనుకుని. ఆమె కుడికాలు మడమ దగ్గర ఎండిపోయి ఉంది, ఎక్కువసేపు నిలబడలేదు.

పాత పడవ మోటర్లు సేకరించే అజయ్‌కుమార్ ఈ రెండూ కొందామని అల్లపల్లి నుంచి వచ్చి కిష్టమ్మకూ కొండన్నకూ మధ్య ఇరుక్కుపోయాడు. ఎర్ర మోటరు ప్రాణహితలో మునిగి చనిపోయిన రాజలింగుది. నీలంది అతని జోడీ పడవవాడైన ఈ కొండన్నది. నది మీద వంతెన కట్టాక పడవలతో ఎవరికీ పని లేదు.

“అమ్మా, ఇవి కవలపిల్లలు. మా తాతల కాలంల ఒకే కార్ఖానాల, ఒకే అచ్చుల పోసిండ్రు. రంగు మార్చి రెండు పేర్లతోని అమ్మిండ్రు. దీని సామాను దానికి పడతది. జోడీగ ఉంటెనే అందం.”

“కవలలైతె మా ఆయనదే నడి నదిల ఎందుకు ఆగింది? ఈయనది ఏనాడన్న ఆగిందా, అడుగు.”

అరుగు చివర కూర్చున్న కొండన్న తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

“చూస్తె తెలుస్తది,” అని అజయ్‌కుమార్ ఎర్రదాని మూత విప్పాడు. నదిలోంచి తీశాక దాన్ని ఎవరూ విప్పినట్టు లేదు. లోపలంతా ఎండిన ఒండ్రు. ఇంజనుకు చమురు అందించే కార్బొరేటర్ తుడిచాడు. నిలువునా చీలి ఉంది. దాని మీద పోతపోసిన పేరు నీలం మోటరుది. నీలందాని మూత కూడా తీశాడు. అందులో ఉన్నది ఎర్రదాని కార్బొరేటర్, చెక్కుచెదరకుండా.

చూసింది చూసినట్టు చెప్పేశాక గానీ తానేం చెప్పాడో అతనికి అర్థం కాలేదు.

“అంటే మంచిది దొంగతనంగ విప్పుకొని, పగిలింది మా ఆయనకు తగిలించినవా?” కిష్టమ్మ గొంతు పెరగలేదు. “ఇన్నేండ్ల సంది ఏ మొఖం పెట్టుకొని నా గడప తొక్కుతున్నవ్?”

“నేనే విప్పిననుకో వదినె. మోటర్లు అమ్మకున్నా మంచిదే.” కొండన్న లేచాడు.

“అనుకునుడేంది? నిజం చెప్పి కదులు.” ఆమె చేతికర్ర అడ్డం పెట్టింది.

“చెప్పు కాకా,” అన్నాడు అజయ్‌కుమార్.

కొండన్న తల దించుకున్నాడు. “అన్ననే విప్పిండు. ‘నాది చిన్న పడవ, మనిషిని పండవెట్టరాదు. నా మంచిది నీ మోటరుకు బిగించుకొని అవతలి ఒడ్డుకు జల్ది పో. మా పిల్లను ఇంట్ల అమ్మకు అప్పజెప్పి, నీ పగిలిన దాంతోని ఎనుక వస్త’ అన్నడు.”

“అంత వరదల? ఎవలి కోసం?”

“ఆ పొద్దు పాము కరిచి నా పడవల తెలివిలేకుండ పడున్నది నువ్వే కదా, వదినె.”