విస్తరాయన

కొత్త గుడ్డ, కుండ, కర్పూరం ఒకేసారి అడిగారంటే ఎవరో పోయారని గణపతిరావు కొట్లో లెక్క.

ఆ సామాను ఎవరు కొన్నా, కొట్టు పక్క రాతి మీద కూర్చున్న మనిషి లేచేవాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కొన్నవాళ్ళ వెనకే నడిచేవాడు.

"లేచేడయ్యా! ఇక పదో రోజుకి విస్తరి ఖాయం," అన్నాడు గణపతిరావు.

కొట్టు ముందున్నవాళ్ళు నవ్వారు.

ఆ మనిషిది రోలుగుంట వైపని తప్ప చోడవరంలో ఎవరికీ ఏమీ తెలియదు. పని దొరికిన రోజు సుగర్ ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బళ్ళు దింపేవాడు. దొరకని రోజు ఆ రాతి మీద కూర్చునేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. గణపతిరావు పెట్టిన 'విస్తరాయన' అన్న పేరే ఊళ్ళో స్థిరపడింది.

గణపతిరావుది ముప్పై ఏళ్ళ వ్యాపారం. మనిషి మెట్టెక్కే తీరు చూసి, సరుకు కొంటాడో, చెయ్యి పెట్టి చూసి పోతాడో చెప్పేస్తాడు. లాభం లేనిదే ఎవడూ ఎండలో నాలుగడుగులు వెయ్యడని అతని నమ్మకం. చుట్టం కానివాడి శవం వెనక ఏటి ఒడ్డు దాకా నడిచేవాడికి లాభం ఏముంటుంది? దినం భోజనం.

అతనికి ఇంకో గుర్తు కూడా దొరికింది. చితికి నిప్పు పెట్టాక అందరూ వెనక్కి చూడకుండా ఇళ్ళకి వచ్చేస్తారు. అలా వచ్చేవాళ్ళలో విస్తరాయన ఎప్పుడూ ఉండేవాడు కాదు.

"తన మొహం అందరూ చూశారు కదా, ఇక పనేటి? అడ్డదారిన చెక్కేస్తాడు," అనేవాడు.

కొట్టు వెనక గదిలోంచి భార్య కామాక్షమ్మ వినేది. ఆవిడకి ఉబ్బసం. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కునేది.

"ఆయన తింటంటే మీరెప్పుడైనా సూసేరా?"

"సూడక్కర్లేదే. మనిషిని సూస్తే తెలీదూ?"

"అలా అనకండి. మనకా పిల్లల్లేరు. రేపు నేను పోతే నా ఎనకాల ఎవరొస్తారో."

"ఊరంతా వస్తాది. మన కొట్టు మెట్టెక్కనోడు ఎవడున్నాడు?"

ఆ శ్రావణంలో జగ్గయ్య తల్లి దినం భోజనాలు. గణపతిరావు తిని చెయ్యి కడుక్కుంటూంటే, వీధిలో పోతూ విస్తరాయన కనిపించాడు. వెళ్ళి రెక్క పట్టుకుని పందిట్లోకి లాక్కొచ్చాడు.

"ఏటి బాబూ, మొహమాటమా? అంత దూరం నడిచినందుకు కూలి తీసుకోకుండా పోతావేటి? ఒరే, ఈయనికి రెండు విస్తళ్ళు వెయ్యండ్రా! ఊళ్ళో చావులన్నీ ఈయనవే!"

పందిరంతా గొల్లుమంది.

ఆ మనిషి తన ముందున్న విస్తరిని కాసేపు చూశాడు. దాన్ని అలాగే వదిలి లేచాడు.

"నాకాకలి లేదు బాబూ," అన్నాడు.

మర్నాటి నుంచి ఆ రాయి ఖాళీ.

మరుసటి ఆషాఢంలో, మబ్బు పట్టిన మధ్యాహ్నం, కామాక్షమ్మ ఊపిరి ఆగిపోయింది. కొత్త గుడ్డ గణపతిరావే తన కొట్లో చింపాడు.

వీధి చివరి దాకా ముప్పై మంది వచ్చారు. అక్కడ ఉరుము వినిపించింది. కాలవ వంతెన దాకా పదిమంది మిగిలారు. జగ్గయ్య కాలి నొప్పి అన్నాడు, ఇంకొకాయన కొట్టు తీసుంచి వచ్చానన్నాడు. ఏటి ఒడ్డుకి చేరింది నలుగురు. మోస్తున్నారు కాబట్టి వాళ్ళకి ఆగడం కుదరలేదు.

గణపతిరావు నిప్పు పెట్టాడు.

"ఇక నడండి బాబూ. ఎనక్కి సూడకూడదు," అన్నాడు కాటికాపరి పెదబాబు.

"వాన వస్తే?"

పెదబాబు ఆకాశం చూశాడు. "అదే బయం. నేనా ముసిలోణ్ణి. ఇదివరకైతే ఆ విస్తరాయనుండేవోడు."

"ఆయనెందుకు?"

"మీకు తెల్దా? అవున్లెండి, మీరెవరూ ఎనక్కి సూడరు గదా. మీరంతా ఎళ్ళిపోయేక ఆయనొక్కడే ఉండిపోయేవోడు. వానొస్తే అదిగో, ఆ రేకు అడ్డం పట్టుకుని నిలబడేవోడు. బూడిదయ్యేదాకా కదిలేవోడు కాదు."



"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయిన్నెల వడ్డాదిలో పోయేడంట బాబూ. బండి మీదేసి తీసుకుపోయేరంట. ఎనకాల ఒక్కడూ లేడంట."

మొదటి చినుకు గణపతిరావు చేతి మీద పడింది. ఆ నలుగురూ వెనక్కి చూడకుండా వంతెన వైపు పరుగులాంటి నడక అందుకున్నారు.

అతను వెనక్కి తిరిగాడు. పెదబాబు పాక గోడకి ఆన్చి ఉన్న రేకుని రెండు చేతులా ఎత్తుకొచ్చి, గాలి వచ్చే వైపు, మంటకి అడ్డంగా నిలబడ్డాడు. రేకు అంచులు చేతుల్ని కోస్తున్నాయి. అవతలి అంచు పెదబాబు పట్టుకున్నాడు.

"ఆయనెందుకు చేసేవాడు ఈ పని?" అని అడిగాడు గణపతిరావు, వాన చప్పుడులో గొంతు పెంచి.

"పెళ్ళాం పోయిన్నాడు ఆయన కూడా అందరిలాగే ఎనక్కి సూడకుండా ఇంటికెళ్ళిపోయేడంట బాబూ. ఆ రాత్రి పడ్డ వానకి చితి ఆరిపోతే, తెల్లారొచ్చి సూసుకున్నాడంట."