సొరకాయ కోతలు

ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చిన కృపమ్మకి పెరట్లో కొడుకు కనిపించాడు. నీళ్ళ గాబులో మెడదాకా తల ముంచి, కదలకుండా వంగి ఉన్నాడు.

చేతిలో సంచీ అక్కడే పడేసి పరుగెత్తింది. జుట్టు పట్టుకుని పైకి లాగింది.

"ఏం పోయేకాలంరా నీకు!"

బాబూరావు మొహం తుడుచుకుని నవ్వాడు.

"ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకుంటున్నానమ్మా. సొరచేప పక్కనుంచి పోతుంటే బుడగైనా వదలకూడదంట. రత్తయ్య తాత చెప్పాడు."

రత్తయ్య ఎదురింటి వసారాలో అద్దెకుండే ముసలాయన. నాగాయలంక మనిషి. కుర్రతనంలోనే ఓడెక్కి, తల నెరిశాక బందరు చేరాడు. సముద్రం అడుగుకి దిగి సొరచేపల మధ్య తిరిగానని చెప్పేవాడు. పొద్దువాలేసరికి అరుగు మీద ఆయన చుట్టూ జనం.

"ఎక్కడైతే బాగా కనపడతాయి తాతా?" అని ఎవరో ఒకరు కదిపేవారు.

"మొదటిసారి దిగేవాడికి సిలోను మంచిది. నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటగా ఉంటాయి. అరబ్బుల ఏడెను రేవు దగ్గర గొర్రెల మందలా వస్తాయి. ఆఫ్రికా చివర్న ఉండేవి మాత్రం పెద్దమనుషులు. వాటికి మనమే దారివ్వాలి."

"మరి మన బందర్లో?"

"ఈ బురదనీళ్ళల్లో అది పక్కనే నిలబడినా ఎవరండీ అని అడగాల్సిందే!"

అందరూ నవ్వేవారు. ఆయన లేచి వెళ్ళాక, "సొరచేపలూ లేవు, గిరచేపలూ లేవు. అన్నీ సొరకాయ కోతలే" అనుకునేవారు.

నమ్మినవాడు బాబూరావు ఒక్కడే.

ఆ పూట అన్నం దగ్గర అసలు సంగతి బయటపెట్టాడు.

"అమ్మా, నేను పి.యు.సి. పరీక్ష రాయను. తూత్తుకుడి వెళ్ళి ముత్యాల కోసం మునిగేవాళ్ళలో చేరతాను. అక్కణ్ణుంచి సిలోను, ఏడెను..."

కృపమ్మ కంచం పక్కకి నెట్టేసింది.

ఆమె భర్త బాలస్వామి రేవులో లాంచీ నడిపేవాడు. ఒక తుఫానుకి లాంచీ రాలేదు, మనిషీ రాలేదు. సమాధి కట్టుకోవడానికి శవమైనా దక్కలేదు. అప్పటికి బాబూరావు చంకలో పిల్లాడు.

ఏడ్చింది. తిట్టింది. చర్చి అయ్యగారి చేత చెప్పించింది. వాడు పెట్టె సర్దుకుంటూనే ఉన్నాడు.

ఇక లాభం లేదని వీధి దాటి వెళ్ళింది.

"రత్తయ్యగారూ, వాళ్ళ నాన్నని సముద్రానికే ఇచ్చాను. నాకింక మిగిలింది వాడొక్కడే. మీ మాట తప్ప ఎవరి మాటా వినట్లేదు. కాస్త నచ్చచెప్పండి, మీకు పుణ్యముంటుంది."

ముసలాయన చేతిలో చుట్ట ఆరిపోయింది.

"నచ్చచెప్తే వినే వయసు కాదు నర్సమ్మగారూ అది," అన్నాడు. "సరే, మీరెళ్ళండి."

మర్నాడు సాయంత్రం అరుగు నిండుగా ఉంది. కృపమ్మ తన గుమ్మంలో నిలబడి వింటోంది.

"తాతా, అక్కడ నీ పేరు చెప్తే గుర్తుపడతారా?" అని అడిగాడు బాబూరావు.

రత్తయ్య పకపకా నవ్వాడు.

"నా పేరెవడికి తెలుసురా పిచ్చోడా! నేను ఓడ మీద వంటవాణ్ణి. మోకాల్లోతు దాటి నీళ్ళల్లోకి ఎప్పుడు దిగాను కనక! మునిగొచ్చినవాళ్ళు అన్నం తింటూ చెప్పుకునేవాళ్ళు. గరిటె పట్టుకుని విన్నాను. ఇక్కడ మీకు వడ్డించాను."

అరుగంతా గొల్లుమంది.

"నిజం చెప్పు తాతా," అన్నాడు బాబూరావు.

"ఇదేరా నిజం."

బాబూరావు మొహం మాడిపోయింది. గబగబా ఇంట్లోకొచ్చి, పెట్టెలో బట్టలన్నీ తీసి దండెం మీద పడేశాడు.

కృపమ్మ దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. ముసలాయనకి మాత్రం చెప్పలేదు. 'వట్టి అబద్ధాలతో నా బిడ్డని నీళ్ళలోకి తోయబోయాడు' అనుకుంది. ఆదివారాలు ఆయనకి కూర గిన్నె పంపడం మానేసింది.

అరుగు మీద జనం పలచబడ్డారు.

"ఏం తాతా, ఇవాళ సొరచేపలకి ఏం వండావు?" అనేవారు దారినపోయేవాళ్ళు.

"పప్పుచారు," అని నవ్వేసేవాడు.

కొన్నాళ్ళకి వసారా ఖాళీ చేసి నాగాయలంక వెళ్ళిపోయాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

బాబూరావు డిగ్రీ చదివి, గుడివాడలో హైస్కూలు మాస్టరయ్యాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు.

ఒక వేసవిలో నాగాయలంక బస్సులో ఎవరో ఒక ముసలాయన్ని తెచ్చి, కృపమ్మ వార్డులో పడుకోబెట్టి వెళ్ళారు. ఊపిరి కొసకొచ్చింది.

రత్తయ్యే. ఆమెని గుర్తుపట్టాడు.

"అబ్బాయి... ఏం చేస్తున్నాడమ్మా?"

"గుడివాడలో మాస్టరండీ. సెలవులని ఇంటికొచ్చాడు."

"ఒడ్డునే ఉన్నాడన్నమాట," అని తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

మళ్ళీ తెరవలేదు.

ఆయనకి నా అన్నవాళ్ళెవరూ లేరు. ఒళ్ళు తుడిచి తెల్లగుడ్డ కప్పే పని కృపమ్మే పెట్టుకుంది. అంతలో బాబూరావు తల్లికి అన్నం క్యారేజీ తెచ్చి, మంచం చుట్టూ కట్టిన తెర బయట నిలబడ్డాడు.

"ఎవరమ్మా?"

"మన ఎదురింటి రత్తయ్యగారురా."

"ఆ వంటాయనా! పాపం, భలే కబుర్లు చెప్పేవాడు."

తెర లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"బాబూ," అంది కృపమ్మ కాసేపటికి, "ఒక్కసారి లోపలికి రా నాయనా."

తెర తొలగించుకుని వచ్చిన కొడుక్కి ఆమె ఏమీ చెప్పకుండా తడిగుడ్డ పక్కకి తీసింది: రత్తయ్య నడుం నుంచి తొడ దాకా, కొడవలిలా వంగి, ఏనాడో మానిపోయిన సొరచేప పళ్ళ గాట్ల వరస.