ఘాటైన ఉత్తరం

ఉత్తరం మడత విప్పగానే శ్యామ్ సుందర్‌కు మళ్లీ రెండు తుమ్ములు వచ్చాయి. నిన్న గుంటూరు హెడ్డాఫీసులో విప్పినప్పుడూ ఇంతే.

"జలుబు చేసినట్టుందండి," అంటూ మేనేజరు సాల్మన్ మంచినీళ్లు అందించాడు.

సత్తెనపల్లి దగ్గర మిరపకాయల తొడిమలు తీసే యూనిట్ అది. సాల్మన్ అక్కడ తాత్కాలిక మేనేజరు. గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. నిన్న అందిన ఆ ఉత్తరానికి సంతకం లేదు, మూడు ఆరోపణలు మాత్రం ఉన్నాయి. నిజమని తేలితే సాయంత్రానికల్లా సాల్మన్‌ను తొలగించాలి. అందుకే ఈరోజే తనిఖీ. శ్యామ్ సుందర్ సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మే మనిషి కాదు.

"మొదటిది. మీరు కుర్చీలో కూర్చోరట."

"నిజమేనండి."

కుర్చీ హాల్లో ఉంది. అందులో ఏడోనెల గర్భిణి షిరీన్ కూర్చుని కాయలు ఒలుస్తోంది.

"రెండోది. పనివేళల్లో మీ గదిలో నిద్రపోతున్నారట."

సాల్మన్ తన గది తలుపు నెమ్మదిగా తీశాడు. వరసగా మూడు చీర ఉయ్యాలలు. "కూలి తల్లుల బిడ్డలండి. హాల్లో ఘాటుకు తట్టుకోలేరు. ఈ గదిలోకైతే రాదు."

మూడోది చదవడానికి ఉత్తరం విప్పగానే శ్యామ్ సుందర్ అక్కడా తుమ్మాడు. ఒక ఉయ్యాల ఉలిక్కిపడి ఏడుపందుకుంది. సాల్మన్ ఆ బిడ్డను ఎత్తుకున్నాడు.

"మీ మాట ఇక్కడ ఎవరూ వినరట."

సరిగ్గా అప్పుడే ఐదయింది. సాల్మన్ బిడ్డతోనే హాలు గుమ్మంలోకి వెళ్లాడు. "ఇక చాలు, లేవండమ్మా. కొండమ్మత్తా, నీకే చెప్పేది."

"ఉండవయ్యా, ఈ గంప కానీ," అంది కూలీల్లో పెద్దదైన కొండమ్మ తలెత్తకుండా. "ముందు నువ్వా పిల్లని ఊరుకోబెట్టు." హాలంతా నవ్వింది.

మూడూ నిజాలే. అయినా శ్యామ్ సుందర్ హాజరుపట్టీ తెరిపించాడు. సాల్మన్ వచ్చిన ఈ రెండేళ్లలో ఒక్కరూ పని మానలేదు; పక్క యూనిట్‌లోనేమో నెలనెలా మానేస్తుంటారు. మంచితనమే కారణమని తేల్చడం తొందరపాటని ఆయన ఉద్దేశం. కూలి ఎక్కువేమో? పక్క యూనిట్‌లోనూ అంతే. కాయ మేలురకమేమో? అదే కాయ. షెడ్డు? అవే రేకులు. మిగిలిన తేడా ఒక్కటే. అది ఇప్పుడు చంకలో బిడ్డతో గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతోంది.

ఆయన హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. పావుగంట వాదించాడు. తర్వాత హాల్లోకి వచ్చి, సాల్మన్‌ను పర్మనెంట్ చేశామని చెప్పాడు. చప్పట్లకు రేకులు అదిరాయి. కొండమ్మ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. కాయలు ఒలిచిన వేళ్లు తగిలితే కళ్లు మండిపోతాయి మరి.

కారెక్కబోతూ శ్యామ్ సుందర్ ఆమెను పిలిచాడు. "ఇలాంటి మనిషి గురించి మీరైనా మాకు ఒక ముక్క రాయాల్సిందమ్మా."

"రాశామండి. ఈయన్ని ఉంచమని మూడు ఉత్తరాలు వేశాం. ఒక్కరూ ఇటు తొంగి చూళ్లేదు."

"ఇంకొకటి వేయాల్సింది."

కొండమ్మ ఆయన చేతిలోని కాగితం వైపు చూసింది.

"నాలుగోది అదేనండి."