జాబితాలో ఎవరూ లేరు

కోరీన్‌కి కిడ్నీ ఇవ్వడానికి ఆరుగురు రక్తపరీక్ష చేయించుకున్నారు. ఆమె తమ్ముడు డ్వేన్, నలుగురు బంధువులు, మొగుడు వెండెల్. సూది గుచ్చిన చోట వెండెల్ సాయంత్రం దాకా దూది నొక్కిపట్టుకునే ఉన్నాడు.

కిడ్నీ మార్చే కేంద్రం నుంచి జవాబు వచ్చింది. సరిపోయినవాళ్లు ఎవరూ లేరు.

డ్వేన్‌కి మింగుడుపడలేదు. డులూత్ ఆసుపత్రి నుంచి, పరీక్షలో సరిపోయినవాళ్ల పేర్లు ఆ కేంద్రానికి పంపే ప్రోగ్రాం రాసింది వెండెలే.

“దాన్లో తప్పుందేమో చూడు బావా.”

“పదకొండేళ్లుగా నడుస్తోంది. ఒక్క తప్పు దొరకలేదు.”

“దొరికితే దానికిచ్చిన బహుమతి బిళ్ల గోడమీంచి పీకేస్తారనా?”

మర్నాడు వెండెల్ ఆఫీసులో కూర్చుని చూశాడు. తప్పు దొరికింది.

ప్రోగ్రాం పేర్లను ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటర్ రాతలోకి మార్చి, పెట్టెలో పెట్టె పెట్టి పంపుతుంది. ఇద్దరు ముగ్గురుంటే పేర్లన్నీ ఒక పెట్టెలోకి సర్దుతుంది. ఒక్కరే ఉంటే మాత్రం, ఒక్కరికి పెట్టె దండగ అనుకుంటుందో ఏమో, పేరును విడిగా పారేస్తుంది. అవతలి యంత్రం పెట్టె కోసం వెతుకుతుంది. పెట్టె కనబడకపోతే ఎవరూ లేరంటుంది.

కోరీన్ ఫైలులో ఒక పేరు అలా విడిగా పడి ఉంది.

వెండెల్ ఆ పేరు చదివాడు. ఫైలు మూసేసి ఇంటికెళ్లాడు.

“రెండుసార్లు చూశాను. తప్పేం లేదు,” అన్నాడు డ్వేన్‌తో.

మెప్పు తలకెక్కినవాడికి తప్పొప్పుకోవడమంటే గడ్డి కరవడమే.

ఆ చలికాలమంతా వారానికి మూడుసార్లు మంచులో ఆమెను డయాలిసిస్‌కి తీసుకెళ్లాడు. చర్చి ఆడవాళ్లు వండి పంపిన హాట్‌డిష్ అనే వంటకం వేడిచేసి చెంచాతో తినిపించాడు. ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టిపుట్టాలన్నారు వాళ్లు.

మార్చిలో కోరీన్ అతని చెయ్యి పట్టుకుంది.

“మా తమ్ముడి మాటలు మనసులో పెట్టుకోకు. నువ్వు చేయగలిగిందంతా చేశావు.”

“ఏం చేస్తాం, మనకి రాసిపెట్టి లేదు.”

రెండు రోజులకు ఆమె పోయింది. నేల ఇంకా గడ్డకట్టే ఉంది. పూడ్చడం మే నెలకు వాయిదా పడింది.

వెండెల్ మాత్రం వారం తిరక్కుండా ఆఫీసుకు వెళ్లాడు. ప్రోగ్రాం సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది.

పాత ఫైలు చెరిపేసే ముందు ఒకసారి తెరిచి, విడిగా పడి ఉన్న ఆ ఒక్క పేరు మళ్లీ చదువుకున్నాడు: వెండెల్ కివెలా, భర్త.