నాలుగో మొసలి

“మీరే చంపుతారు జనాన్ని! అబర్డీన్ బజార్‌లో ఫ్యాన్ కింద కూర్చుని బొమ్మలేసుకునే మీరే!”

ఫోన్లో సూరయ్య అరుపుకి ధరణి చేతిలో టీ తొణికింది. మొసళ్ళు తిరిగే బీచ్‌లో కాపలా ఆయనది. అక్కడి హెచ్చరిక బోర్డు ఈమె గీసింది.

“ఇవాళ ఎంతమంది నీళ్ళలోకి దిగారు బాబాయ్?”

“ముప్ఫై! పోయిన నెల పదిమందే. అరే, సునో తో, కాస్త విను అమ్మాయ్, ఆ బోర్డు...”

“తెలుసు. ఎవరి కంటికీ ఆనట్లేదు. మారుస్తా.” ఫోన్ పెట్టేసింది.

ఇప్పటికే మూడు బోర్డులయ్యాయి. పోటొస్తే మోకాలి లోతు నీళ్ళలో నిలబడే ఆ ఇనప స్తంభానికి ఒకదాని తర్వాత ఒకటి బిగించారు. మొదట ఆకుపచ్చ మొసలి. చాలదేమోనని పొలుసులు దిద్దింది. ఆ పైన బంగారు కళ్ళు పెట్టింది. చెయ్యి చెప్పినమాట నమ్మే ధైర్యం లేనివాళ్ళు ఇలాగే మెరుగులు దిద్దుతూ కూర్చుంటారు.

“అసలు ముందుగా గీసిందేదే?” షాపు యజమాని రాజకుమారి దెప్పింది. “నల్లటి నోరు, పళ్ళు, అంతే. పది నిమిషాల పని. చూడగానే ఒళ్ళు జలదరించి, తియ్యవే బాబూ అన్నాను. అది పెట్టలేదేం?”

“మరీ మోటుగా ఉంది దీదీ. చూడబుద్ధి కాదు.”

“మొసలికేమన్నా పెళ్ళిచూపులా?”

ధరణికి నవ్వు రాలేదు. కళ్ళు మూస్తే చాలు, ఎవరిదో చిన్న కాలు నీళ్ళలోకి జారిపోతోంది. నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంది. పన్నెండడుగుల మొసలి, నిగనిగలాడే వీపు, తెరిచిన నోట్లో మెరిసే పళ్ళు, కింద ఐదు భాషల్లో హెచ్చరిక. ఆదివారం పొద్దున్నే బిగించారు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఒక్క ఉదుటున తీసింది.

“ఎవరికైనా ఏమన్నా అయిందా బాబాయ్?”

“ఇంకా కాలేదు! వందమంది దిగారు. ఈల ఊది ఊది నా దవడలు పోయాయి. చంటిపిల్లల్ని చంకనేసుకుని మరీ దిగుతున్నారు!”

“ఇంకా పెద్దది చెయ్యనా? ఎరుపు వెయ్యనా? నువ్వే చెప్పు, ఈసారి పూర్తిగా వింటా.”

“నీ మొసలి పక్కన ఫోటో తీసుకోడానికే దిగుతున్నారు, ఇప్పుడే ఆ బోర్డు పీకించు!”