‘ళ’ పలకని పాట

ఉప్పుగాలి బ్యాండు పాటలున్న సైటు మూతపడి ముప్పయ్యేళ్లయింది. ఆ కాకినాడ కుర్రాళ్లు ఇంకా గుర్తున్నది తనకీ, విజయనగరంలో ఉన్న స్నేహితురాలు స్టెల్లాకేనని శ్రావ్య నమ్మకం.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఫోన్ చేసింది.

“ఏమే, మన కిరణ్ పాట ఒక్కసారి పాడవే.”

ఆ బ్యాండులో పాడే కిరణ్‌కి ‘ళ’ పలికేది కాదు. “నీ కళ్లల్లో మునిగాను” అని రాసుకుని, “నీ కల్లల్లో మునిగాను” అని పాడేవాడు. కళ్లు కాస్తా అబద్ధాలైపోయేవి. మొదట్లో కాలేజీ అంతా నవ్వింది. ఒక్కొక్కరి ప్రేమా బెడిసికొట్టాక, అందరూ కావాలనే అలా పాడుకున్నారు.

స్టెల్లా పాడింది. శ్రావ్యకి శుభ్రంగా “కళ్లల్లో” అని వినిపించింది.

“ళ కాదే, ల!”

“ల అనే కదే పాడాను, తల్లీ!”

అప్పుడు తట్టింది శ్రావ్యకి. ఈ రోజుల్లో ఏ ఫోనైనా మాటలో దొర్లిన తప్పును దారిలోనే దిద్ది వినిపిస్తుంది. వద్దనే వీలు కూడా తీసేశారు. స్టెల్లా మరో మూడుసార్లు పాడింది. మూడుసార్లూ కళ్లే.

శ్రావ్య చిక్కుళ్ల పళ్లెం పక్కకి నెట్టింది.

“రేపు పొద్దున్న రైలుకి వచ్చేస్తున్నాను. ఎదురుగా కూర్చుని తప్పు పాడుదువు గాని.”

“రావే,” అంది స్టెల్లా.

ఆ మాటలో గొంతు వణికిందో లేదో శ్రావ్యకి తెలియలేదు. వణికినా, ఫోను దిద్దేసి ఉంటుంది.